ట్రంప్ ఎవరికి ఉచిత బియ్యం పంచి పాపులిస్టు అయ్యాడు?

మీరు అడిగింది ఇదీ: మన పేపర్లలో పాపులిజం అంటే ఉచిత పథకాలు అన్నట్టే రాస్తారు, అదే పేపర్లో విదేశీ వార్తల పేజీ తిప్పితే ట్రంప్ పాపులిస్టు, హంగరీ ఓర్బన్ పాపులిస్టు అని ఉంటుంది, మరి ట్రంప్ ఎవరికీ రెండు రూపాయల బియ్యం పంచలేదు కదా, ఈ రెండింటికీ ఒకే మాట ఎలా అతికింది అని. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నానని కూడా రాశారు. నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్లకు పైగా సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. పాపులిజం గురించి మొదటి పదిహేనేళ్లు పిల్లలకి నేను రాయించిన నోట్సు తప్పు. అందుకని ఈ జవాబు కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

అప్పుడు రాయించింది ఇది: "ఓట్ల కోసం ప్రజలకు నచ్చే పథకాలు ప్రకటించడమే పాపులిజం." ఒక్క వాక్యం, రెండు మార్కులు. ఆ తప్పు సగం మన తెలుగు మాటలోనే ఉంది. పేపరు వాళ్లు పాపులిస్టు పథకాలని "జనాకర్షక పథకాలు" అన్నారు. జనాన్ని ఆకర్షించేది ఏదైనా జనాకర్షకమే కదా, సినిమా పాటైనా, మా పైడితల్లి సిరిమానోత్సవమైనా. దాంతో జనంలో మంచి పేరున్న నాయకుడూ, జనానికి డబ్బులిచ్చే పథకమూ, జనం పేరు చెప్పుకుని చేసే ఒక రకం రాజకీయమూ, మూడూ ఒకే గంపలో పడిపోయాయి. మిగతా సగం ఆర్థికవేత్తల దగ్గర్నుంచి వచ్చింది. లాటిన్ అమెరికాలో ప్రభుత్వాలు జీతాలు పెంచి, సబ్సిడీలు పెంచి, చాలకపోతే నోట్లు అచ్చేసి, చివరికి ధరలు మండిపోయి చేతులెత్తెయ్యడం చూసినవాళ్లు 1990ల మొదట్లో ఆ వరసని పాపులిజం అని రాశారు. సరిగ్గా అప్పుడే మన దగ్గర 1991 సంస్కరణలు వచ్చాయి, సబ్సిడీ అన్న మాటే తిట్టులాగా అయిపోయింది, సంపాదకీయాలు రాసేవాళ్లకి ఈ అర్థం రెడీగా చేతికందింది. ఇక ఆ తర్వాత ఎవరూ వెనక్కి తిరిగి చూసుకోలేదు, నాతో సహా.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మేం సాయంత్రాలు కూర్చునే టీ కొట్టు ఒకటుంది. రిటైరైన మాస్టార్లం, బ్యాంకు ఆఫీసర్లం నలుగురైదుగురం. పేపరు తెరవగానే ఒకాయన మొదలెడతాడు, "జనాన్ని సోమరిపోతుల్ని చేసేస్తున్నారండీ" అని. ఆయన పింఛను నెలకి అరవై వేల పైమాటే, నాదీ ఇంచుమించు అంతే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, "ఏమండీ, ఈ టీ ఇచ్చే కుర్రాడి నాన్నమ్మకి నాలుగు వేలొస్తే అది ఉచితం, మనకి అరవై వేలొస్తే అది హక్కు, ఇదెక్కడి లెక్క?" "మనం సర్వీసు చేశాం కదండీ" అన్నాడు. "ఆవిడా యాభై ఏళ్లు ఊడుపులకీ కోతలకీ వెళ్లిందండీ, సర్వీసు రిజిస్టర్ ఒక్కటే లేదు" అన్నాను. ఆయన పేపరు మడిచి క్రికెట్ గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీల మీద మూల పన్నుని 30 శాతం నుంచి 22కి దించింది. దానివల్ల ఖజానాకి ఏడాదికి లక్షా నలభై అయిదు వేల కోట్లు తగ్గుతుందని ఆర్థిక మంత్రిత్వ శాఖే చెప్పింది. దాన్ని ఎవరూ జనాకర్షకం అనలేదు, ప్రోత్సాహకం అన్నారు. అది తప్పని నేను అనడంలేదు. ఇచ్చేది ఎవరికి అన్నదాన్ని బట్టి పేరు మారిపోతోందని మాత్రం గమనించండి. బడిలో మధ్యాహ్న భోజనం సంగతీ అంతే. తమిళనాడులో కామరాజ్ 1950ల్లో మొదలుపెట్టారు, 1982లో ఎంజీఆర్ దాన్ని బాగా పెద్దది చేసినప్పుడు ఓట్ల కోసం డబ్బు తగలేస్తున్నాడన్నవాళ్లు తక్కువమంది కాదు. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు దేశమంతా బళ్లలో వండిన భోజనం పెట్టాల్సిందేనని ఆదేశమిచ్చింది. అదే అన్నం, అదే పప్పు. ఒకప్పుడు జనాకర్షకం, ఇప్పుడు పిల్లల హక్కు.

అందుకే పథకాన్ని చూసి పాపులిస్టు అని తేల్చడం కుదరదు. మన వృద్ధాప్య పింఛనే తీసుకోండి. 2014 దాకా 200 ఉండేది, ఆ ఏడాది అక్టోబర్ నుంచి 1000 అయింది, 2019 జనవరిలో 2000, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2250తో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ 2024 జనవరికి 3000 చేసింది, మళ్లీ ప్రభుత్వం మారి 2024 జులైలో 4000 అయింది, ఏప్రిల్ నుంచి బకాయిలు కలిపి ఆ నెల 7000 చేతిలో పెట్టారు. ఎవరు పాపులిస్టు ఇందులో? ఇద్దరు ముఖ్యమంత్రులూ ఒకరి మీద ఒకరు పోటీపడి పెంచారు, వేలంపాటలాగా. అరవై లక్షల మందికి పైగా పింఛనుదారులు, నెలకి రెండున్నర వేల కోట్లు దాటే ఖర్చు. ఈ డబ్బు ఎక్కడిది, అప్పు ఎంతవుతోంది, కాలవల పూడికకీ రోడ్ల గుంతలకీ ఏమైనా మిగులుతోందా అన్నవి నిజమైన ప్రశ్నలే, గట్టిగా అడగాల్సినవే. కానీ అవి బడ్జెట్ ప్రశ్నలు. మన శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లకి నెలకి పది వేలు ఇస్తున్నారు, దాన్ని తీసుకెళ్లి పాపులిజం అనే అధ్యాయంలో పడేస్తే మనకి పాపులిజమూ అర్థం కాదు, ఉద్దానమూ అర్థం కాదు.

సరే, మరి అసలు మాట ఎక్కడిది? అమెరికా రైతులది. 1880లు, 90ల్లో కాన్సస్, నెబ్రాస్కా లాంటి చోట్ల రైతులకి పంట ధరలు ఏటేటా పడిపోతున్నాయి, అప్పు మాత్రం బంగారంతో ముడిపడిన డాలర్లలో తీర్చాలి, అంటే ధర పడినకొద్దీ అప్పు బరువెక్కుతుంది. పంటని ఊరు దాటించాలంటే రైలు కంపెనీ చెప్పిందే రేటు. ఉన్న రెండు పెద్ద పార్టీలూ రైలు కంపెనీలకీ బ్యాంకులకీ దగ్గరే. 1892లో ఒమాహా నగరంలో వీళ్లంతా కలిసి పీపుల్స్ పార్టీ తరఫున తమ డిమాండ్లు ప్రకటించారు, వాళ్లనే పాపులిస్టులు అన్నారు, లాటిన్‌లో పాపులస్ అంటే ప్రజలు కాబట్టి. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో వాళ్ల అభ్యర్థి జేమ్స్ వీవర్‌కి పది లక్షలకి పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. 1896 తర్వాత పార్టీ నీరుగారిపోయింది. కానీ వాళ్లు అడిగినవి చూడండి, ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే ఆదాయపన్ను కావాలన్నారు, సెనేటర్లని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్నారు. 1913లో ఆదాయపన్నుకి దారి తెరిచిన సవరణా, సెనేటర్ల నేరు ఎన్నికా రెండూ రాజ్యాంగంలోకి ఎక్కాయి. అంటే మొదటి పాపులిస్టులు అడిగింది పిచ్చి కోరికలేం కాదు.

(రష్యాలో అంతకుముందే నరోద్నిక్కులని ఉండేవారు, 1874లో చదువుకున్న కుర్రాళ్లు వేలమంది "ప్రజల్లోకి" అంటూ పల్లెలకి వెళ్లారు. చాలాచోట్ల రైతులే వాళ్లని పోలీసులకి పట్టిచ్చారు. మా ఏజెన్సీలో 1960ల చివర వెంపటాపు సత్యం లాంటి మాస్టార్లు కొండలెక్కినప్పుడు గిరిజనులు వాళ్లతో కలిసి నడిచారు. అది వేరే కథ, అక్కడికి వెళ్తే ఈ జవాబు తెల్లారదు.)

ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి పక్కన పెట్టి చూద్దాం. 1940లో మందస జమీందారీలో రైతులు అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం గొడవపడ్డారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో గున్నమ్మ చనిపోయింది, నిండు గర్భిణి అని చెబుతారు. ఆ కాల్పులకి కొద్దిరోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ రైతులు అడిగింది ఒక్క మాటలో చెప్పాలంటే, "మేమూ మనుషులమే, మేమూ ఈ ప్రజల్లో లెక్కే." దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత 2010 జులైలో సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గర థర్మల్ ప్లాంట్ వద్దన్న మత్స్యకారులూ రైతులూ చెప్పింది అదే, మెగావాట్ల లెక్కలో మా చేపలు, మా నీళ్లు కూడా వెయ్యండి అని. అక్కడా తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. ఈ రెంటినీ నేను పాపులిజం అనను. పై వాళ్ల మీద కోపం ఉంది, కింది వాళ్ల ఐక్యత ఉంది, ప్రజలు అన్న మాట ఉంది, అయినా అనను.

ఎందుకంటే వాళ్లన్నది "మేమూ ప్రజలమే". పాపులిస్టు నోట వచ్చేది "మేమే ప్రజలం". తెలుగులో తేడా ఒక్క అక్షరం. ఆ దీర్ఘం తీసేసి ఏకారం పెడితే మొత్తం రాజకీయమే తిరగబడిపోతుంది. మీ ప్రశ్నకి నా జవాబు ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

పండితులు దీన్నే ఇంకో రకంగా చెప్పారు. నెదర్లాండ్స్‌కి చెందిన ఒక రాజనీతి శాస్త్రవేత్త 2004లో ఇచ్చిన నిర్వచనం ఇప్పుడు అందరూ వాడుతున్నారు: సమాజం రెండే ముక్కలు, ఒకపక్క కల్మషం లేని ప్రజలు, ఇంకోపక్క కుళ్లిపోయిన పెద్దలు, రాజకీయమంటే ప్రజల ఇష్టం నెరవేర్చడమే అనే పల్చటి సిద్ధాంతం. పల్చటి అని ఎందుకన్నాడంటే దానికి సొంతంగా ఆర్థిక విధానం లేదు, కుడివైపు దానికీ ఎడమవైపు దానికీ అతుక్కుంటుంది. వెనిజులా చావెజ్ సోషలిజానికి అతికించాడు, ఓర్బన్ జాతీయవాదానికి అతికించాడు. యాన్-వెర్నర్ ముల్లర్ అనే జర్మన్ పండితుడు ఇంకో అడుగు వేసి, పెద్దల్ని తిట్టినంత మాత్రాన పాపులిస్టు అవ్వరు, ప్రతిపక్షంలో ఉన్న ఎవరైనా తిడతారు, అసలు గుర్తు ఏంటంటే ఎదుటివాడికి ప్రజల తరఫున మాట్లాడే అర్హతే లేదనడం అన్నాడు. నాకు ఈ రెండోదే నచ్చింది, ఎందుకంటే దీంతో మనం ఎవరినైనా కొలిచి చూడొచ్చు.

కొలుద్దాం. 2016 జూన్‌లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటకి రావాలని ఓటేసింది, 51.9 శాతం అవును, 48.1 శాతం కాదు. ఆ రాత్రి నైజెల్ ఫరాజ్ అనే నాయకుడు ఇది నిజమైన ప్రజల విజయం అన్నాడు. మరి వద్దని ఓటేసిన కోటీ అరవై లక్షల మంది ఎవరు? నకిలీ ప్రజలా? అదే ఏడాది మేలో ట్రంప్ ఒక సభలో, ముఖ్యమైంది ప్రజల ఐక్యత ఒక్కటే, మిగతా జనానికి విలువేం లేదు అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. జులైలో పార్టీ సభలో, ఈ వ్యవస్థని నేనొక్కణ్ణే బాగుచెయ్యగలను అన్నాడు. ఓర్బన్ 2002లో ఎన్నికల్లో ఓడిపోయాడు, ఓడాక అన్న మాట మాతృభూమి ప్రతిపక్షంలో ఉండటం కుదరదు అని. ఓడింది తన పార్టీ, ఆయన దృష్టిలో మాత్రం ఓడింది దేశం. 2010లో సగానికి కొంచెం ఎక్కువ ఓట్లతో మూడింట రెండొంతుల సీట్లు గెలిచాడు, మరుసటి ఏడాదే ఇంకో పక్షం ఓటు ఒక్కటి కూడా లేకుండా కొత్త రాజ్యాంగం పాస్ చేయించుకున్నాడు. తనే ప్రజలని నమ్మేవాడికి ఇంకొకణ్ణి అడగాల్సిన పనేముంటుంది? ఎమర్జెన్సీ రోజుల్లో కాంగ్రెస్ అధ్యక్షుడు బరువా ఇందిరే ఇండియా అన్నది కూడా ఈ ఏకారమే.

బియ్యం లేదు, పింఛను లేదు, కానీ ఇది పాపులిజం. మీ ట్రంప్ సందేహం ఇక్కడికి తీరిందనుకుంటాను.

పెద్దలు అంటే డబ్బున్నవాళ్లని కూడా అనుకోకండి. ట్రంప్ కోటీశ్వరుడు. మా విజయనగరంలో అయితే కోట వాళ్లే, అంటే రాజుల ఇంటివాళ్లే, ప్రజల మధ్యకొచ్చి ఓట్లడిగారు, పి.వి.జి. రాజుగారు సోషలిస్టు పార్టీలో ఉండేవారు, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి చదువులకి ఆస్తులిచ్చారు. ఎవరు "పెద్దలు" అన్నది పాపులిస్టు తన అవసరం కొద్దీ గీసుకునే గీత. ఒకచోట బ్యాంకులు, ఒకచోట ప్రొఫెసర్లు, ఒకచోట జడ్జీలు, ఒకచోట పేపరు వాళ్లు. గీత ఎక్కడైనా గియ్యొచ్చు, అవతల పడ్డవాడు ప్రజల్లో మనిషి కాకుండా పోతే చాలు.

ఇప్పుడు మీరు తప్పకుండా అడుగుతారు, మరి ఎన్టీఆర్? ఇది నేను చాలాకాలం ఆలోచించిన విషయం, ఆయన మీద నాకు అభిమానమూ ఉంది, కాబట్టి కొంచెం తగ్గించి చదవండి. 1978 నుంచి 83 మధ్య ఢిల్లీ మనకి నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ అందరి ముందూ ముఖ్యమంత్రి అంజయ్యగారిని కసురుకున్నారు. ఆ మార్చి 29న తెలుగుదేశం పుట్టింది, తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరిలో రెండు వందల పైచిలుకు సీట్లతో గెలిచింది. అప్పుడు నాకు ఇరవై దాటి ఒకటో రెండో ఏళ్లు. చైతన్యరథం వస్తుందని తెలిసి మా ఊరివాళ్లం రెండు ఎడ్లబళ్ల మీద హైవే దాకా వెళ్లి రాత్రి పదకొండింటి దాకా నిలబడ్డాం. ఆయన మాట్లాడింది పదినిమిషాలు కూడా లేదు. బియ్యం గురించి అన్నది నాకు సరిగా గుర్తు కూడా లేదు, గుర్తున్నది తెలుగువాడి ఆత్మగౌరవం అన్న మాట ఒక్కటే, ఆ మాటకి మా పక్కన నిలబడ్డ ముసలాయన తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

పేపర్లు పాపులిజం అన్నది కిలో రెండు రూపాయల బియ్యాన్ని. నా లెక్కలో ఆయన పాపులిజం బియ్యంలో లేదు, ఢిల్లీ పెద్దలు ఒకపక్క, తెలుగు ప్రజలు ఒకపక్క అన్న ఆ గీతలో ఉంది, "సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు" అన్న నినాదంలో ఉంది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దు చెయ్యడంలో ఉంది. మీ తరానికి తెలియదు, కరణంగారి అరుగు అంటే ఏంటో. మా నాన్న అడంగల్ నకలు కోసం వెళ్తే అరుగు కింద చెప్పులు విడిచి నిలబడేవాడు, కరణంగారు భోంచేసి, వక్కపొడి వేసుకుని, కాసేపు నడుం వాల్చి లేచేదాకా. భూమి మాది, ఆ భూమి మాదని చెప్పే కాగితం ఆయనది. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న ఆ అధికారం ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. అందులో అన్యాయమైపోయిన చిన్న ఉద్యోగులూ ఉన్నారు, కొత్త వ్యవస్థ కుదురుకోడానికి ఏళ్లు పట్టింది, అవన్నీ నిజమే. కానీ మా నాన్న మళ్లీ చెప్పులు విడవలేదు.

అందుకే ఎన్టీఆర్‌ది సగం మేమూ, సగం మేమే అంటాను. ఢిల్లీతో మాట్లాడినప్పుడు మేమూ మనుషులమే అన్నాడు. ఇంట్లో, పార్టీలో మాత్రం ప్రజలంటే తానే అన్న ధోరణి ఉండేది. 1985లో శాసనమండలిని తీసెయ్యడం కూడా ఆ ధోరణిలోదే, ప్రజలు నన్ను ఎన్నుకున్నాక మధ్యలో ఇంకో సభ ఎందుకు అని. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెడితే జనం రోడ్లెక్కారు, నెల తిరిగేసరికి ఆయన మళ్లీ ముఖ్యమంత్రి. ఆ నెలరోజులూ నిజంగానే ఆయనా ప్రజలూ ఒకటే అనిపించింది మాకు, అబద్ధమెందుకు. అయితే 1989లో ఓడిపోయినప్పుడు దిగిపోయారు, అయిదేళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నారు, 1994లో హిందూపురంతోపాటు మా టెక్కలిలో కూడా నిలబడి రెండుచోట్లా గెలిచారు, టెక్కలి వదులుకున్నారు (మా వాళ్లకి ఆ చిన్న కోపం ఇప్పటికీ ఉంది). ఓడినప్పుడు ప్రజలు ఓడారు అనలేదు. ఓర్బన్ మాటకీ దీనికీ తేడా అక్కడుంది.

పెద్ద పెద్ద నాయకులతోనే ఈ సంగతి అర్థమవుతుందనుకోకండి, నాకు బాగా అర్థమైంది ఒక గ్రామసభలో. నాగావళికి అటుపక్క మా ఊళ్లోనే. ఏ ప్రభుత్వమో చెప్పను, ఎందుకంటే ఆ పార్టీ వాళ్లు నొచ్చుకుంటారు, అవతలి పార్టీ వాళ్లు సంబరపడతారు, ఇద్దరి హయాంలోనూ నేను ఇదే చూశాను. బడి ఆవరణలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు ముప్పై, మైకు. పథకాల పేర్లు, లబ్ధిదారుల సంఖ్యలు చదివారు. అయ్యాక ఒక పెద్దావిడ లేచింది. మా ఊరికీ అవతలి పేటకీ మధ్య ఒక గెడ్డ (వాగు) ఉంది, వానాకాలం నడుంలోతు వస్తుంది, బడిపిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని దాటతారు. ఆవిడ అడిగింది దాని మీద కల్వర్టు. అంతే.

మైకు పట్టుకున్న స్థానిక నాయకుడు, "నీకు పింఛనొస్తందా? బియ్యమొస్తన్నాయా? మరింకేటి కావాల? ఆలు నేర్పి పంపినారా?" అన్నాడు. ఆలు అంటే అవతలి పార్టీ వాళ్లు. ముందు వరసల్లో నవ్వులు. ఆవిడ కూర్చోలేదు. "నాను ఎవులికి ఓటేత్తే నీకేటి బావూ, గెడ్డ దాటీది నాను. నాను ఈ ఊరిదాన్ని కానేటి?" అంది. ఎవరూ నవ్వలేదు. మైకు పక్కకి వెళ్లిపోయింది, ఇంకో అంశం మొదలైంది. సభ అయ్యాక మినిట్స్ పుస్తకం చూశాను, సంతకం పెట్టాలి కదా. "గ్రామస్థులందరూ ఏకగ్రీవంగా హర్షం వ్యక్తం చేసినారు" అని రాసుంది. గెడ్డ లేదు, కల్వర్టు లేదు, ఆవిడ లేదు.

పథకానికీ పాపులిజానికీ చుట్టరికం కలిసేది ఇదిగో ఇక్కడ. ఇంత వయసు దాటితే, ఈ కార్డు ఉంటే, నువ్వెవరైనా సరే ఇస్తాం అంటే అది సంక్షేమం. అదే డబ్బుని, ఫలానా ఆయన నీకు ఇచ్చాడు, కాబట్టి నువ్వు ఆయన మనిషివి, అడిగితే ద్రోహివి అని ఇస్తే అది వేరే సరుకు. పింఛను పేరే చూడండి, ఎన్టీఆర్ భరోసా, తర్వాత వైఎస్సార్ పెన్షన్ కానుక, మళ్లీ ఎన్టీఆర్ భరోసా. కానుక అన్నా భరోసా అన్నా ఇచ్చే చెయ్యి ఎవరిదో గుర్తుచేసే మాటలే, హక్కు అన్న మాట ఎవరూ పెట్టలేదు. ఏకగ్రీవం మీద మనకున్న మోజు కూడా ఇలాంటిదే, ఏకగ్రీవమైన పంచాయతీలకి ప్రభుత్వాలు డబ్బు బహుమతిగా ఇవ్వడం మన రాష్ట్రంలో పాత అలవాటు. ఊళ్లో రెండో అభిప్రాయం లేకపోతే ప్రైజు. ఏ పార్టీ వచ్చినా దీన్ని తప్పనలేదు.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే నా జవాబు మూడు లాంతర్ల టీ కొట్టు వాళ్ల వైపు వాలిపోతుంది. పాపులిస్టు చెప్పే మందు తప్పు కావచ్చు, చెప్పే రోగం చాలాసార్లు నిజం. నెబ్రాస్కా రైతుని రైలు కంపెనీ దోచుకున్నమాట నిజం, అంజయ్యగారి అవమానం నిజం, కరణం అరుగు నిజం. అప్పుడు చదువుకున్నవాళ్లు "జనానికేం తెలుసు, ఇవి నిపుణులు తేల్చే విషయాలు" అంటే పాపులిస్టుకి సగం పని వాళ్లే చేసిపెట్టినట్టు. జనమంతా నావైపే అనేవాడూ, జనానికి ఏమీ తెలియదు అనేవాడూ, ఇద్దరూ ఆ పెద్దావిడ గెడ్డ గురించి చెప్పేది వినరు. ఒకడికి ఆవిడ ప్రజల్లో లెక్క కాదు, ఇంకొకడికి ప్రజలే లెక్క కాదు. పల్లెల్లో డబ్బుకి ఓట్లు అమ్ముకుంటారని మా టీ కొట్టు బృందం రోజూ అంటుంది, నేను ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చున్న పోలింగ్ బూత్‌ల్లో తెల్లారి అయిదున్నరకే వచ్చి లైన్లో నిలబడ్డవాళ్లు ఎవరో నాకు తెలుసు, మధ్యాహ్నం మూడింటికి కారు దిగి "క్యూ లేకుండా కుదరదా సార్" అన్నవాళ్లు ఎవరో కూడా తెలుసు.

పరీక్ష సంగతి. మీకు మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే జనాకర్షక పథకాలతో మొదలుపెట్టకండి, ప్రజలు, పెద్దలు అన్న విభజనతో మొదలుపెట్టండి, ఒమాహా 1892 ఒక వాక్యం, లాటిన్ అమెరికా ఒక వాక్యం, బహుళత్వం (ప్రజల్లో రకరకాల అభిప్రాయాలు ఉంటాయని ఒప్పుకోవడం) మీద రెండు మూడు వాక్యాలు, తర్వాత మన రాష్ట్రం ఉదాహరణ. ఉచితాల మీద 2013లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు, మ్యానిఫెస్టో హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య కిందకి రావని చెప్పింది, ఆ పాయింటు విడిగా రాయండి, కలిపెయ్యకండి. 2022 జులైలో ప్రధాని మోదీ రేవడీ సంస్కృతి (ఓట్ల కోసం మిఠాయిల్లా ఉచితాలు పంచడం) అన్నది కూడా ఆ ఉచితాల పేరాలోకే వస్తుంది.

తెలుగు మాట ఏది వాడాలని కూడా అడిగారు. నిజానికి సరైనది లేదు. రిటైరయ్యే ముందు ఏడాది ఈ మేమూ, మేమే సంగతి బోర్డు మీద రాసి చెబుతుంటే, వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు "అయితే సార్, దీన్ని మేమేవాదం అనొచ్చు కదా" అన్నాడు. బాగుందే అనేలోపే పక్కవాడు మేకలా "మే... మే..." అని అరిచాడు, క్లాసంతా అందుకుంది, పక్క క్లాసులో లెక్కల మాస్టారు తలుపు దగ్గరికొచ్చి చూసి వెళ్లారు. మీరు పేపర్లో మాత్రం పాపులిజం అనే రాయండి, దిద్దేవాళ్లకి మేకల సంగతి తెలియదు.